పాత పీఎండీ ఫైలు పట్టుకుని బెజవాడ వెళ్లాను

ముందు ఈ సాఫ్ట్‌వేర్ మీటింగ్ వివరాలు చెప్పేస్తాను, ఎందుకంటే ఇవి నా దాకా రావడానికే రెండు నెలలు పట్టింది. ప్రతి నెలా రెండో ఆదివారం, విజయవాడ గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డుకి దగ్గర్లో ఒక పాత భవనం రెండో అంతస్తు. పొద్దున పదింటికి మొదలు. ఒంటిగంటకి అయిపోతుందన్నారు గానీ రెండు దాటింది. ప్రవేశానికి డబ్బు కట్టక్కర్లేదు. టీ ఖర్చుకని బల్ల మీద ఒక స్టీలు డబ్బా ఉంటుంది, తోచినంత వేయొచ్చు. రోజూ కంప్యూటర్‌తో పని ఉన్నవాళ్లు ఒకచోట కూడి, పనికొచ్చే సాఫ్ట్‌వేర్‌ని ఒకరికొకరు చేసి చూపించుకునే మీటింగ్ ఇది. అక్కడ ఎవరూ ఏమీ అమ్మరు. ఏ కోర్సులోనూ చేరమనరు.

నాది గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ షాపు. టైపు హయ్యర్ పాసయ్యాక ఒక ప్రెస్‌లో ఆపరేటర్‌గా చేరి, 2003లో సొంతంగా పెట్టుకున్నాను. శుభలేఖలు, దశదిన కర్మ కార్డులు, కరపత్రాలు, కాలేజీ మ్యాగజైన్లు, అప్పుడప్పుడు పుస్తకాలు. మ్యాటర్ కొట్టడం, పేజీలు పెట్టడం, ప్రూఫులు దిద్ది ట్రేసింగ్ తీసి ఇవ్వడం నా పని. కంప్యూటర్ బాగుచేయడం నాకు రాదు. రానందుకు ఎంత నష్టపోయానో కింద చెబుతాను.

ఈ మీటింగ్‌కి నన్ను వెళ్లేలా చేసింది ఒక మాస్టారి పుస్తకం. తెలుగు పండితుడిగా రిటైరైన ఆయన 2006లో మా షాపులోనే పద్యాల పుస్తకం చేయించుకున్నారు. 112 పేజీలు. కాపీలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు ఆయనకి చూపు బాగా మందగించింది. మొన్న వేసవిలో షాపుకి వచ్చి, "అమ్మాయ్, ఫోన్‌లో అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చట గదా. నా పద్యాలు నేను చదువుకునే ఏర్పాటు ఏమైనా చేయగలవా?" అని అడిగారు. పేజీలు స్కాన్ చేసి పంపితే అక్షరం పెద్దదయ్యే కొద్దీ లైను తెర దాటి పోతుంది, పద్యం పాదం పాదం వెతుక్కోవాలి. నిజమైన అక్షరాలు కావాలి. అదృష్టం కొద్దీ ఆ ఫైలు మాత్రం ఒక సీడీలో మిగిలింది. కానీ అది పేజ్‌మేకర్ అనే, పేజీలు పెట్టే పాత సాఫ్ట్‌వేర్‌లో చేసిన పీఎండీ ఫైలు. లోపల ఉన్నది యూనికోడ్‌కి (ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో తెలుగు రాసే పద్ధతికి) ముందునాటి ఫాంటు. మళ్లీ మొదటి నుంచి కొట్టడం తప్ప దారి లేదనుకున్నాను. మాకు కాగితం వేసే ఆయన ఈ మీటింగ్ సంగతి చెప్పారు.

గుంటూరు బస్టాండ్‌లో ఎనిమిదిన్నరకి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. స్త్రీ శక్తి వచ్చాక ఆడవాళ్లకి టికెట్ ఖర్చు లేదు, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. నెహ్రూ బస్టాండ్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాను. మెట్లు ఎక్కేసరికి పావు తక్కువ పది. అప్పటికే ఓ పాతికమంది ఉన్నారు, తర్వాత నలభై దాకా అయ్యారు. ఇంజనీరింగ్ పిల్లలే ఉంటారనుకున్నాను. తీరా చూస్తే నా పక్కన మీసేవ నడిపే అబ్బాయి, ముందు వరసలో ఒక హోమియో డాక్టరు గారు, వెనక ఆడిటర్ ఆఫీసులో పనిచేసే ఇద్దరు, స్కూల్ టీచర్లు. ఆడవాళ్లం నలుగురం.

వాళ్లకి ఒక నియమం ఉంది. దాని వల్లే ఈ మీటింగ్ మిగతావాటిలా లేదు. స్లైడ్లు ఉండకూడదు. చూపించే మనిషి తన ఫైలు మీద చూపించకూడదు. వచ్చినవాళ్లలో ఎవరిదో ఒక సమస్య తీసుకుని, అందరి ముందూ, అప్పటికప్పుడు చేయాలి. కుదరకపోతే కుదరలేదని ఒప్పుకోవాలి. నేను ఇంతకుముందు హాజరైన ట్రైనింగులలో అన్నీ ముందే సిద్ధం చేసి ఉంచిన ఫైళ్లు. అక్కడ నున్నగా జరిగిపోతుంది, ఇంటికొచ్చి మన ఫైలు తెరిస్తే మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. ఇక్కడ తప్పులు మన కళ్ల ముందే వచ్చాయి, వాటిని ఎలా దాటాలో కూడా అక్కడే చూశాం.

మొదట మంగళగిరి నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ కుర్రాడు లేచాడు. ఓణీల ఫంక్షన్ తీసిన కెమెరా మెమరీ కార్డుని, ఖాళీ కార్డు అనుకుని అసిస్టెంట్ ఫార్మాట్ కొట్టేశాడట. మూడు రోజులుగా పార్టీ ఫోన్ ఎత్తడం లేదన్నాడు. ఆ మాట అంటుంటే గొంతు సరిగ్గా లేదు. చూపించడానికి వచ్చిన ఆయన, యాభై ఏళ్లుంటాయి, కార్డు చేతిలోకి తీసుకుని ముందు చేసిన పని దాని పక్కనున్న చిన్న మీటని గోటితో లాక్ వైపు జరపడం. "ఇక దీని మీద ఎవరూ ఏమీ రాయలేరు. పొరపాటు జరిగిన క్షణంలో చేయాల్సింది ఇదే" అన్నారు.

వాడింది ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మౌస్ పనిచేయదు. బాణం గుర్తులతో కిందికీ పైకీ వెళ్లి ఎంటర్ కొట్టాలి. కిటికీలు, బొత్తాలతో ఉండే రూపం కూడా క్యూఫొటోరెక్ పేరుతో దాంతోపాటే వస్తుందట. అది ఎలా పనిచేస్తుందో ఆయన చెప్పింది నాకు బాగా అర్థమైంది. మామూలుగా ఫార్మాట్ కొడితే ఫొటోలు చెరిగిపోవు. ఏ ఫొటో ఎక్కడుందో రాసుకున్న విషయసూచిక ఒక్కటే ఖాళీ అవుతుంది. ఫొటోరెక్ ఆ విషయసూచిక జోలికే పోదు. కార్డుని మొదటి నుంచి చివరి దాకా చదువుకుంటూ పోతుంది. ప్రతి జేపెగ్ ఫొటో ఒకే గుర్తుతో మొదలవుతుంది: ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అని మూడు బైట్లు. ఆ గుర్తు తగిలిన చోటల్లా ఒక ఫొటో ఉందని పట్టుకుంటుంది. పుస్తకం పనిలో ప్రతి ఫారం (ఒకే కాగితం మీద అచ్చేసి మడిచే పేజీల కట్ట) మొదటి పేజీ అడుగున చిన్న అంకె వేస్తాం, ఫారాలు చెదిరిపోతే బైండరు ఆ అంకె చూసే ఏరుకుంటాడు. అదే పద్ధతి.

దొరికిన ఫొటోలని ఎక్కడ పెట్టాలని అది అడిగినప్పుడు ఆయన ఆగి, గోడ మీద ఆ లైను చూపించి, రెండుసార్లు చెప్పారు. అదే కార్డులో పెట్టకూడదు. పెడితే దొరికినవాటిని దొరకాల్సినవాటి మీద రాసినట్టే. ల్యాప్‌టాప్‌లో వేరే ఫోల్డర్ ఇచ్చారు. తెర మీద అంకె మొదలైంది. పన్నెండు, నలభై, వంద. హాల్లో మాటలు ఆగిపోయాయి. ఆరువందల చిల్లర దగ్గర ఆగింది. ఫోల్డర్ తెరవగానే పసుపు రంగు ఓణీలో పాప నవ్వుతూ కనిపించింది. ఆ కుర్రాడు కుర్చీలోంచి లేచి గోడ దగ్గరికి వెళ్లిపోయాడు.

అన్నీ రాలేదు. చివర్లో కొన్ని ఫొటోలు పైసగం బాగుండి కిందిసగం బూడిద రంగు పలకలా ఉన్నాయి, కొన్ని అసలు రాలేదు. "ఫార్మాట్ అయ్యాక దీంతో మళ్లీ ఫొటోలు తీశావా బాబూ?" అని అడిగారాయన. కార్డు పనిచేస్తోందో లేదో చూద్దామని కొన్ని తీశానన్నాడు. ఆ కొన్నే వాటి మీద పడ్డాయి. ఫైళ్ల పేర్లు కూడా పోయాయి, అంకెలే మిగిలాయి. అయితే ఫొటో లోపల కెమెరా రాసుకున్న తేదీ, సమయం అలాగే ఉంటాయి కాబట్టి, దాన్నిబట్టి వరస పెట్టుకోవచ్చని చేసి చూపించారు.

అప్పుడు నేను చేయి ఎత్తాను. అడగకుండా ఉండలేకపోయాను.

నాలుగేళ్ల కింద ఒక శ్రావణమాసంలో, ముహూర్తాల రద్దీలో, నా కంప్యూటర్ ఆన్ అవడం మానేసింది. కంపెనీ గుర్తు వస్తుంది, నల్లగా అయిపోతుంది. తెలిసిన సర్వీస్ షాపుకి తీసుకెళ్లాను. "ఫార్మాట్ తప్ప మార్గం లేదు మేడమ్" అన్నారు. డీ డ్రైవ్‌లో మ్యాటర్ అంతా ఉంది, అది మాత్రం ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పి వచ్చాను. సాయంత్రం కంప్యూటర్ చక్కగా ఆన్ అయింది. డీ డ్రైవ్ లేదు. సీ, డీ కలిపి ఒకటే చేసి విండోస్ ఎక్కించారు. ఎన్నో ఏళ్ల పని. మూడు పుస్తకాల పేజీలు, ఒకమ్మాయి థీసిస్‌లో నాలుగు అధ్యాయాలు. ఆ థీసిస్ నేను రాత్రిళ్లు కూర్చుని డబ్బు తీసుకోకుండా మళ్లీ కొట్టిచ్చాను. ఆ షాపు పేరు నేను చెప్పను, చెప్పినా ఏమీ తిరిగి రాదు.

అదే హార్డ్‌డిస్క్ ఇంకా వాడుతున్నాను, ఏమైనా వస్తాయా అని అడిగాను. ఆయన ఆశ పెట్టలేదు. "నాలుగేళ్లుగా దాని మీద రాస్తూనే ఉన్నారు గదమ్మా. ముక్కలు ముక్కలుగా ఏవైనా దొరకొచ్చు గానీ, పని మీద ఆధారపడేంత దొరుకుతుందని నేను చెప్పలేను. ఆ రోజే ఆపేసి ఉంటే వేరే సంగతి" అన్నారు. బాధేసింది. కానీ అన్నేళ్లలో ఆ ప్రశ్నకి నాకు దొరికిన మొదటి సూటి జవాబు అదే. అంతకుముందు ఇద్దరు "తెచ్చివ్వండి, చూద్దాం" అని అడ్వాన్స్ అడిగారు.

ఆయన అక్కడితో వదల్లేదు. తర్వాత చూపించాల్సిన అమ్మాయిని పిలిచి, "నువ్వు లైనక్స్ పెన్‌డ్రైవ్ ఈ మేడమ్ గారి సమస్య మీదే చూపించు" అన్నారు. ఆ అమ్మాయి అసలు విండోస్ 10 సంగతి చెప్పడానికి వచ్చింది. 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది, విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లు ఏం చేయాలన్నది విషయం. హాల్లో సగం మందికి అదే టెన్షన్. విండోస్ బదులు వాడుకోగలిగే ఉచిత లైనక్స్ మింట్‌ని రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఒకరి పాత ల్యాప్‌టాప్‌కి గుచ్చి, ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవ్‌ని ఎంచుకుంది. ఈ మీట కంపెనీని బట్టి మారుతుందట. రెండు మూడు నిమిషాల్లో తెర వచ్చింది. హార్డ్‌డిస్క్‌లో ఒక్క అక్షరం మారలేదు. మొత్తం పెన్‌డ్రైవ్ మీదే నడుస్తోంది.

"మేడమ్, మీ విండోస్ ఆన్ అవలేదన్న రోజున ఇలా చేసి ఉంటే..." అంటూ ఫైల్స్ తెరిచింది. ఎడమ పక్కన ఆ ల్యాప్‌టాప్ సీ డ్రైవ్, డీ డ్రైవ్ రెండూ కనిపిస్తున్నాయి. డీ తెరిచి, ఒక ఫోల్డర్ పట్టుకుని, ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి లాగి వదిలింది. కాపీ అయిపోయింది. అంతే పని. విండోస్ చెడిపోవడం వేరు, ఫైళ్లు పోవడం వేరు. నా ఫైళ్లు ఆ రోజు సర్వీస్ షాపు గుమ్మం ఎక్కేటప్పటికి భద్రంగానే ఉన్నాయన్నమాట. ఒక పెన్‌డ్రైవ్, పది నిమిషాలు ఉంటే సరిపోయేది. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. పక్కనున్న మీసేవ అబ్బాయి మంచినీళ్లు ఇచ్చాడు.

ఒక హెచ్చరిక కూడా చెప్పింది. కొత్త ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి బిట్‌లాకర్ అని తాళం వేసి ఉంటుంది. దాని రికవరీ కీ మన దగ్గర లేకపోతే ఇలా తెరవడం కుదరదు. అందుకని బాగున్న రోజునే ఆ కీ రాసి పెట్టుకోమంది. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌కి ఇంటికొచ్చిన రాత్రే చూసి రాసిపెట్టాను.

మరి లైనక్స్‌కి మారిపోతానా అంటే, షాపులో మారను. నాకు పేజ్‌మేకర్, కోరల్‌డ్రా లేకుండా రోజు గడవదు. ఆ అమ్మాయి కూడా మారమని బలవంతం చేయలేదు. ఇంట్లో పాత కంప్యూటర్‌కి మాత్రం ఎక్కించుకుంటాను.

టీ బాగుంది. అల్లం టీ, దాంతో ఉస్మానియా బిస్కెట్లు.

టీ తర్వాత నా వంతు. సీడీ తెచ్చాను గానీ హాల్లో ఒక్క ల్యాప్‌టాప్‌కీ సీడీ పెట్టే చోటు లేదు. ఇంటి దగ్గరే ముందుచూపుగా పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకున్నాను కాబట్టి సరిపోయింది. తెలుగు సాఫ్ట్‌వేర్ చూపించిన అతను సత్యనారాయణపురం కుర్రాడు, ఉద్యోగం చేస్తూ తీరిక వేళల్లో ఈ పని చేస్తాడట. నా ఫైలు ఎక్స్‌టెన్షన్ చూసి నవ్వి, "పీఎండీయా అండీ! చాలా రోజులైంది చూసి" అన్నాడు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, అది 2001లో వచ్చింది. ఇవాళ్టి కంప్యూటర్లలో ఆ ఫైలు తెరవడమే కష్టం. అతను లిబ్రేఆఫీస్ తీసి, అందులో డ్రా అనే భాగంతో తెరిచాడు. తెరుచుకుంది! ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ పీఎండీ ఫైళ్లు చదువుతుందని, ఇన్నేళ్లు ఇదే పనిలో ఉండి, నాకు ఎవరూ చెప్పలేదు. పేజీ అమరిక కొంచెం అటూ ఇటూ అయింది. బార్డర్లు జరిగాయి. మ్యాటర్ మాత్రం మొత్తం వచ్చింది.

కాకపోతే అతని కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు కాబట్టి పద్యాల బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. ఎందుకలాగో అతను చెప్పిన తీరు నాకు నచ్చింది. ఆ రోజుల్లో తెలుగు కోసం కంప్యూటర్‌లో విడిగా స్థానాలు వాడే వీలు మా సాఫ్ట్‌వేర్లకి లేదు. అందుకని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చేవారు. ఒక తలకట్టు, ఒక కొమ్ము, ఒక ఒత్తు, అన్నీ విడివిడిగా. మనం వాటిని పక్కపక్కన పేర్చి అక్షరం బొమ్మ కట్టేవాళ్లం. కంటికి అది తెలుగు, కంప్యూటర్‌కి ఇంగ్లీషు. అప్పటికి అంతకన్నా దారి లేదు, ఆ ఫాంట్లతోనే ఇన్ని తెలుగు పుస్తకాలు అచ్చయ్యాయి, నా కుటుంబం నడిచింది. యూనికోడ్‌లో తెలుగుకి సొంత చోటు ఉంది. అందులో బొమ్మ కాకుండా అక్షరాన్నే రాస్తాం.

ఇది వినడం కన్నా చూస్తే తెలిసింది. గోడ మీద అక్షరాలు పెద్దవి చేసి "శ్రీ" కొట్టాడు. విండోస్‌లోనే ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. షిఫ్ట్ పట్టి ఎం నొక్కితే శ. డీ నొక్కితే పొల్లు, శ్ అయింది. జే నొక్కితే ర, వెంటనే అది ఒత్తుగా మారి శ్ర అయింది. ఆర్ నొక్కితే గుడి దీర్ఘం, శ్రీ. నాలుగు మీటలు, నాలుగు అక్షరాలు, మనం నోటితో ఎలా పలుకుతామో అదే వరస. పాత పద్ధతిలో క్రావడి ముక్క ఎక్కడుందో, గుడి ముక్క ఎక్కడుందో చేతికి గుర్తుండాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతాల గుర్తులు దాదాపుగా అన్నీ ఎడమ చేతి కింద, హల్లులు ఎక్కువగా కుడి చేతి కింద ఉంటాయి. టైపు నేర్చుకున్న మనిషిని కదా, ఆ ఏర్పాటు చూడగానే ఎంత ఆలోచించి పెట్టారో తెలిసింది. పాత కీబోర్డు మీద పరుగెత్తిన నా వేళ్లకి ఇది అలవాటవడానికి సమయం పడుతుంది. ఇప్పుడు రోజూ రాత్రి అరగంట సాధన చేస్తున్నాను.

తర్వాత నా మ్యాటర్ కాపీ చేసి, పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేశాడు. ఇలాంటివి ఔత్సాహికులు తయారుచేసి ఉచితంగా పెట్టినవి ఉన్నాయి. ఒక్క క్షణంలో మాస్టారి మొదటి పద్యం గోడ మీద తెలుగులో నిలబడింది. ఎవరో వెనక నుంచి పైకి చదివారు. కందం అని గుర్తుపట్టారు కూడా.

తప్పులు లేకుండా రాలేదు, ఈ పని చేయాలనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి. ముందుమాటలో అక్కడక్కడా ఉన్న ఇంగ్లీషు మాటలు అర్థం లేని తెలుగు ముక్కలుగా మారిపోయాయి, కన్వర్టర్‌కి అవీ ఇంగ్లీషు స్థానాల్లోని తెలుగే అనిపిస్తుంది కాబట్టి. కొన్ని జంట ఒత్తులు తారుమారయ్యాయి. అతనే ఒక ఉపాయం చెప్పాడు: మార్చే ముందే ఇంగ్లీషు మాటలన్నీ తీసి ఒక్కోచోట ఒక్కో అంకె గుర్తు పెట్టుకుని, మార్చాక మళ్లీ పెట్టుకోవడం. నేను అలాగే చేశాను. మొత్తం మీద మళ్లీ కొట్టడానికి పదిహేను రోజులు పట్టే పని, మూడు సాయంత్రాల ప్రూఫు దిద్దుడుతో అయిపోయింది.

ఇంకో చిన్న విషయం నేర్పాడు. నాకు అదే బంగారం. "సాఫ్ట్‌వేర్" అని యూనికోడ్‌లో కొడితే చాలామందికి ట కింద వ ఒత్తు పడి "సాఫ్ట్వేర్" అవుతుంది. పొల్లుకి, తర్వాతి హల్లుకి మధ్య కంటికి కనపడని ఒక అక్షరం పెట్టాలట. లిబ్రేఆఫీస్‌లో పొల్లు తర్వాత 200సి అని ఇంగ్లీషులో కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే ఆ అంకె మాయమై, ఆ అక్షరం పడి, రెండూ విడిపోతాయి. శుభలేఖల్లో ఊళ్ల పేర్లు, కంపెనీల పేర్లు ఇలాగే అంటుకుపోయి పార్టీలతో ఎన్నిసార్లు మాట పడ్డానో. ఈ ఒక్క కిటుకు కోసమైనా బస్సెక్కి వెళ్లొచ్చు.

ఫాంట్ల గురించి కొంచెం. యూనికోడ్‌లో అందమైన తెలుగు ఫాంట్లు లేవని నేనూ అనుకునేదాన్ని. మండలి, రామభద్ర, మల్లన్న, సురన్న లాంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. పుస్తకం మ్యాటర్‌కి మండలి, శీర్షికలకి రామభద్ర పెట్టి చూశాను, కంటికి హాయిగా ఉంది. అయినా నా అభిప్రాయం చెప్పాలంటే, శుభలేఖకి కావాల్సిన వయ్యారం పాత ఫాంట్లలోనే ఇంకా ఎక్కువ రకాలుగా ఉంది.

అచ్చు పేజీని ఫొటో తీస్తే అక్షరాలుగా మార్చే టెసరాక్ట్ కూడా చూపించారు. అది నాకు నిరాశ. ప్రోగ్రాం లోపం వల్ల కాదు, చూపించిన తీరు వల్ల. నల్ల తెరలో కమాండ్లు చకచకా కొట్టేశారు, ఏం కొట్టారో రాసుకునే లోపే తెర మారిపోయింది. ఫలితంలో కొన్నిచోట్ల మ బదులు వు, స బదులు న పడ్డాయి. స్కాన్ 300 డీపీఐ ఉంటే మెరుగ్గా వస్తుందన్నారు. వచ్చేసారి దీన్ని నిదానంగా మళ్లీ చూపించమని అడిగాను, సరేనన్నారు. పాస్‌వర్డులు దాచే కీపాస్‌ఎక్స్‌సీ, పీడీఎఫ్ పేజీలు అటూ ఇటూ మార్చే చిన్న ప్రోగ్రాంలు కూడా వచ్చాయి గానీ అప్పటికి అందరికీ ఆకలి.

బాగాలేనివి కూడా రాయాలి. తెర లేదు, గోడ మీదే వేస్తారు, పదకొండు దాటాక కిటికీలోంచి ఎండ పడి సగం కనిపించదు. ఒక ముదురు రంగు కర్టెన్ కడితే పోతుంది. మైకు లేదు, వెనక వరసకి వినపడదు. మెనూలు చిన్న అక్షరాల్లో ఉన్నాయి, ఫొటోరెక్ చూపించిన ఆయన తప్ప ఎవరూ పెద్దవి చేయలేదు. లిఫ్ట్ లేదు, మా మాస్టారి లాంటివాళ్లు ఎక్కలేరు. బాత్రూం కింది అంతస్తులో ఉంది, దానికి తాళం వేసి ఉంది, తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి పావుగంట పట్టింది. ఆడవాళ్లు ఎక్కువమంది రావాలంటే ముందు ఆ తాళం తీయాలి. ఈ మాట నిర్వాహకులకి అక్కడే చెప్పాను, నొచ్చుకోకుండా విన్నారు.

ఇంకా, ఇది కంప్యూటర్ ఆన్ చేయడం నేర్చుకునేవాళ్లకి కాదు. రోజూ వాడుతూ ఎక్కడో ఒకచోట ఆగిపోయినవాళ్లకి. వెళ్లేటప్పుడు మీ సమస్య ఉన్న ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. దాంతోపాటు ఖాళీగా ఉన్న 8 జీబీ పెన్‌డ్రైవ్ ఇంకొకటి పట్టుకెళ్లండి, లైనక్స్ ఎక్కించి ఇస్తారు. నాది ఇప్పుడు షాపులో, సొరుగులో, బిల్లు పుస్తకం పక్కన ఉంది. మా లైన్లో జిరాక్స్ షాపు అతని కంప్యూటర్ పోయిన వారం ఆన్ అవలేదు. సర్వీసుకి ఇచ్చే ముందు ఆ పెన్‌డ్రైవ్ గుచ్చి, అతని ఫైళ్లన్నీ బయటికి తీసిచ్చాను. నా చేతులు వణికాయి గానీ పని అయింది.

మాస్టారి పుస్తకం మొన్న గురువారం పూర్తయింది. ఫైలు ఆయన ఫోన్‌లో వేసి, అక్షరం సైజు ఎలా పెంచాలో చూపించాను. వేలితో పెంచుకుంటూ, పెంచుకుంటూ, తెర మీద పాదానికి నాలుగు మాటలే పట్టేదాకా తెచ్చుకున్నారు. తర్వాత షాపులో కస్టమర్లు ఉన్నారని కూడా చూడకుండా రాగం తీసి ఒక పద్యం చదివారు. రెండోది చదువుతూ మధ్యలో ఆగి, "అమ్మాయ్, ఇక్కడ అరసున్న పోయింది" అన్నారు. పోయింది నిజమే. దిద్ది మళ్లీ పంపాను.